వెనక గోడకు పోదని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు పుప్పాలగూడ ఊరే. ఈ అద్దాల మేడలు ఎవరి కలలోనూ లేవు. మా ఇంట్లో కట్టెల పొయ్యి తప్ప వేరే దిక్కు లేదు. మా నాన్న బాలానగర్‌లో ఒక కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడ పారేసే పెట్టెల చెక్కలు ఊరికే వస్తున్నాయని సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. వాటికి నూనె, రంగు పట్టి ఉండేవి. మండితే ముక్కులు పగిలే కంపు.

దానికి తోడు నా ఘనకార్యం ఒకటి. వానాకాలంలో ఉన్న ఒక్క జత బడి బట్టలు ఆరవని, పొయ్యి పైన దండెం కట్టి ఆరేసేదాన్ని. పొద్దున్నే వెచ్చగా ఉన్నాయని మురిసిపోతూ వేసుకునేదాన్ని. కంపు కూడా వాటికే అంటిందని నాకేం తెలుసు?

ఒకరోజు బడిలో సారు ముక్కు మూసుకుని, నన్ను వెనక గోడ దగ్గర కూర్చోమన్నాడు. పిల్లలంతా కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి సంచి మూలకు విసిరేసి, ఇక బడికి పోనన్నాను. మానేస్తే మానెయ్, బర్రెలకు గడ్డి కోసుకొస్తావు అన్నాడు నాన్న. నిజంగానే అన్నాడు.

మా నాయనమ్మ నా గౌను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఛీ! సారు అబద్ధమేం జెప్పలేదే" అంది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. చెక్కలన్నీ పెరట్లోకి విసిరేసి కొడుకును నాలుగు తిట్టింది. కొట్టంలో ఎండిన తుమ్మ కట్టెలు తెచ్చి సన్నగా చీల్చింది. నీళ్లు చల్లితే పొగ లేస్తుందని, కొరవులను బూడిదలో గుచ్చి ఆర్పడం నేర్పింది. గౌను కుంకుడు రసంలో ఉతికి, దండెం వసారాలోకి మార్చింది.

మూడో రోజు నా రెక్క పట్టుకుని బడికి లాక్కెళ్లి, అందరికంటే ముందు వరసలో కూలేసింది. సారు నోరు తెరిచేలోపే అందుకుంది.

"మా తప్పు మేం దిద్దుకున్నం సారూ. మల్ల వాసనొస్తే నాకు జెప్పుండ్రి, మల్ల ఉతుకుత. పిల్ల మాత్రం ఈడికెల్లి లేవది."

నావైపు తిరిగి, లేస్తే కాళ్లిరగ్గొడతానంది. సారు పాఠం మొదలుపెట్టాడు. నా చదువు ఆ రోజు నిలబడింది.

మొన్న మా అపార్ట్‌మెంటులో, పక్కన కట్టే బిల్డింగు గుడిసెల నుంచి పనికొచ్చే అమ్మాయి లిఫ్టు ఎక్కబోయింది. లోపలున్న పెద్దమనిషి, పొగ కంపు కొడుతున్నావు, మెట్లెక్కి రా అన్నాడు. పదమూడు అంతస్తులు! నాకు ఒళ్లు మండింది. తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

"నువ్వు ఎక్కు బిడ్డా. సారుకు కష్టమైతే మెట్లున్నయి" అన్నాను.

ఆయన దిగలేదు. మా నాయనమ్మ ముందు వాసన వదిలించి, ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టింది. నాకంత ఓపిక లేదు. ముందు పిల్లను ఎక్కించాను. ఎండు కట్టెల సంగతి పైకెళ్లాక చెప్పాను.