లార్డుగారి పైకప్పులో నాలుగు రేకుల పువ్వు

ఆ పుస్తకాన్ని తిట్టడానికే ఇంటికి తెచ్చాను. మా ఆఫీసులో పనిచేసిన ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఒకాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ, తన పుస్తకాలన్నీ అట్టపెట్టెలో వేసి, కావలసినవాళ్ళు తీసుకోండని టీ గదిలో వదిలేశాడు. అందరూ నవలలు ఏరుకుపోయాక అడుగున ఇదొక్కటే మిగిలింది. పసిపిల్లంత బరువు. ఒక ఇంగ్లీషు ప్రభువంశం, వాళ్ళు పల్లెల్లో కట్టుకున్న భవనాలు, వాటి చరిత్ర. నిండా రంగుల ఫొటోలు.

ఇక్కడ గల్ఫులో, అల్ మన్సూరాలోని మా ఫ్లాటులో ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక చర్చ జరుగుతుంది. పదిమంది తెలుగువాళ్ళం చేరి, మూఢనమ్మకాల నుంచి ప్రభువుల దాకా దేన్నీ వదలం. నియమం ఒకటే. మాట్లాడేవాడు ఏదైనా తేల్చి చెప్పేసినప్పుడు, వినేవాళ్ళు స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి "ఆధారం ఏది?" అని అడగవచ్చు. చూపించలేకపోతే మాట వెనక్కి తీసుకోవాలి. ఈ నియమం పెట్టింది నేను. దానివల్ల ఎక్కువ నష్టపోయిందీ నేనే, ఎందుకంటే గ్లాసు మా ఆవిడ చేతికి దగ్గరగా ఉంటుంది.

ఆ శుక్రవారం నేను ప్రభువుల మీద విరుచుకుపడ్డాను. ఈ వంశానికి మూలపురుషుడు గొర్రెల ఉన్ని అమ్ముకునేవాడు. రాజుగారు మఠాల భూములు లాక్కుని పంచుతున్నప్పుడు సరైన గుమ్మం ముందు నిలబడ్డాడు. మూడు తరాలు తిరిగేసరికి ఉన్ని వాసన పోయి బిరుదు వచ్చింది. ఆస్తంతా పెద్దకొడుక్కే. రెండోవాడు సైన్యానికి, మూడోవాడు చర్చికి. నాలుగు భవనాలు కట్టారు. ఒకటి పేకాటలో పోయింది. ఒకటి కొవ్వొత్తి అంటుకుని కాలిపోయింది. ఒకదాన్ని పన్నులు కట్టలేక వాళ్ళే కూలగొట్టుకున్నారు. మిగిలినదానికి ఇప్పుడు టికెట్టు పెట్టి జనాన్ని రానిస్తున్నారు. లార్డుగారు వెనక రెండు గదుల్లో కాపురముంటూ, గడ్డి కోసే బండి తనే నడుపుకుంటున్నాడు.

ఇంత కట్టడానికి సొమ్మెక్కడిదంటే, పుస్తకం రాసినాయన ఒక్క వాక్యంలో దాటేశాడు. పెళ్ళిలో చెరకుతోటలు కలిసొచ్చాయట. ఆ తోటల్లో బానిసల వీపుల మీద పడ్డ కొరడా దెబ్బలు ఎవరికి కలిసొచ్చాయని నేను గొంతు పెంచాను. గ్లాసు మోగలేదు.

అప్పుడు వెనక కూర్చున్న మేస్త్రి చెయ్యెత్తాడు. జగిత్యాల వైపు మనిషి, యాభైకి దగ్గర. బర్వా అల్ బరాహాలో కంపెనీ క్యాంపులో ఉంటాడు. ఒకసారి మా స్నానాలగది పైకప్పు పెచ్చులూడితే బాగుచేయడానికి వచ్చి, పనయ్యాక చర్చ వింటూ కూర్చుండిపోయాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం బస్సెక్కి వస్తున్నాడు. నోరు విప్పడం మాత్రం అదే మొదలు.

"గా పైకప్పు ఫొటో ఒకసారి ఇటియ్యుండ్రి సార్."

ఇచ్చాను. పెద్ద హాలు పైకప్పు. తెల్లటి తీగలు, ఆకులు, వరసలు వరసలుగా అయిదు రేకుల పువ్వులు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది అచ్చు పోసింది కాదు సార్. చేతితోని చేసిన పని. ఎవలు చేసిండ్రు?"

పుస్తకం చివర ఉన్న పేర్ల పట్టిక తిరగేశాను. లార్డుల పేర్లున్నాయి. వాళ్ళ పందెపు గుర్రాల పేర్లున్నాయి. వేటకుక్కల పేర్లు కూడా ఉన్నాయి. పైకప్పు చేసినవాడి పేరు లేదు.

"మా తాతది గూడ గదే ముచ్చట," అన్నాడు మేస్త్రి. "దొర గడీల డంగుసున్నం పని మొత్తం ఆయనే చేసిండు. వెట్టికి. గోడ మీద దొర పేరు రాసుకున్నడు."

గంటసేపు నేను మోసిన వాదనని ఆయన రెండు ముక్కల్లో దించేశాడు.

పుస్తకం కొన్నాళ్ళు ఇమ్మని అడిగాడు. ఎందుకో అప్పుడు చెప్పాడు. ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు పెద్దాయన తన తోటలో కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో ఇలాంటి భవనమేదో చూసి మురిసిపోయాడట. మజ్లిస్‌కి, అంటే అతిథులను కూర్చోబెట్టే పెద్ద గదికి, అలాంటి పైకప్పు కావాలన్నాడు. అచ్చుల్లో పోసిన జిప్సం ముక్కలు తెప్పించి అతికిద్దామంది కంపెనీ. చేత్తో చేస్తానని మేస్త్రి ముందుకొచ్చాడు. ముందు ఒక మూల చేసి చూపించు, నచ్చితే ఇంటి పనంతా నీకే అన్నాడు పెద్దాయన.

మేస్త్రికి ఇంకో ఆశ ఉంది. పదిహేనేళ్ళుగా ఆయన గుర్తింపు కార్డు మీద 'హెల్పర్' అనే ఉంది. పని మేస్త్రిది, పిలుపు హెల్పర్‌ది. ఈ మూల నచ్చితే కార్డు మారుస్తామని కంపెనీ మాటిచ్చింది. నచ్చకపోతే మళ్ళీ సిమెంటు బ్లాకులు మోయడమే.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం ఉదయం నన్ను ఉమ్ సలాల్ రమ్మన్నాడు. పెద్దాయన పని చూడటానికి వస్తాడు, ఆయనకు ఇంగ్లీషు వచ్చు, మధ్యలో మాట్లాడటానికి నేనుండాలి. మా ఆవిడ కూడా పులిహోర డబ్బాతో బయల్దేరింది.

మజ్లిస్‌లోకి అడుగుపెట్టి, ఆయన చేసిన మూలని తలెత్తి చూశాను. మెడ నొప్పి పుట్టినా దించబుద్ధి కాలేదు. ఆకుల మీద ఈనెలు కూడా ఉన్నాయి. తీగ ఒకచోట గోడలోంచి మొలిచి, మరోచోట గోడలోకే దూరిపోతోంది.

"ఏమండీ, కిటికీకి పైనున్న ఆ పువ్వు చూడండి," అంది మా ఆవిడ. "నాలుగే రేకులు."

మేస్త్రి నవ్వాడు. "దిష్టి తగలకుంట అమ్మా. పని నిండుగ చేస్తే కన్ను పడతది, ఒక పువ్వుకు ఒక రేక తక్కువ పెట్టాలె అని మా తాత చెప్పెటోడు. గడీల గూడ గట్లనే పెట్టిండు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గుమ్మడికాయ కట్టలేదు, అంతవరకు నయం. ఏడాదిగా మా ఇంట్లో కూర్చుని విన్నది ఇదా మేస్త్రీ? ఆయన కళ్ళు ముందు ఆ పువ్వు మీదే పడతాయి. తప్పు పని అంటాడు. మీ కార్డుని మీ చేత్తోనే చింపుకున్నారు."

"కోపం చేయకుండ్రి సార్. మీ లార్డు ఇంట్ల గూడ పెట్టిండ్రు."

గ్లాసు అందుబాటులో లేదు. మా ఆవిడ పులిహోర డబ్బా మూత మీద గరిటెతో కొట్టింది. "ఆధారం ఏది?"

మేస్త్రి తువ్వాలులో చుట్టిన పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, ఒక మూల వేలు పెట్టాడు. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. నాలుగు రేకులు. ఆ పుస్తకాన్ని నేను మూడుసార్లు చదివాను.

అయినా ఊరుకుంటానా? "ఒకటి రాలిపోయి ఉంటుంది," అన్నాను.

"రాలితే జాగ ఖాళీగ ఉండాలె గద సార్. నాలుగు రేకలు గుండ్రం నిండ సమంగ పరుచుకున్నయి. నాలుగే అనుకొని చేసినోడే గట్ల చేస్తడు."

ఇంత శుభ్రమైన తర్కం మా శుక్రవారాల్లో నేనెప్పుడూ వినలేదు. "సరే, కావాలని పెట్టాడు. దిష్టికే పెట్టాడనడానికి ఆధారం లేదు," అన్నాను.

"అది లేదు," ఒప్పుకున్నాడు. "గని పెట్టిండు."

ఇంతలో పెద్దాయన వచ్చాడు. పలకరింపులయ్యాయి. పైకి ఒకసారి చూసి, తలగుడ్డ తీసి పక్కన పెట్టి, నేల మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద వెల్లకిలా పడుకున్నాడు. పైకప్పుని నిలబడి చూడకూడదట. "యల్లా," అని మమ్మల్నీ పడుకోమన్నాడు. మేస్త్రీ నేనూ ఆయనకు చెరో పక్కన పడుకున్నాం. మా ఆవిడ బోర్లించిన రంగు బకెట్టు మీద కూర్చుంది.

ఆయన వేలు ఒక్కో పువ్వు మీదుగా వెళ్ళి కిటికీ దగ్గర ఆగింది. "అక్కడ ఒకటి తక్కువుంది," అన్నాడు ఇంగ్లీషులో.

మేస్త్రికి భాష రాకపోయినా వేలు అర్థమైంది. "ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సార్," అన్నాడు మెల్లగా.

చెప్పాను. తాత, గడీ, వెట్టి, దిష్టి. ముప్పై ఏళ్ళుగా దిష్టిని దులిపేసిన నోటితోనే దిష్టి అంటే ఏమిటో వివరించాను. దానికి రుజువు లేదని మధ్యలో రెండుసార్లు చెప్పాను కూడా. తర్వాత పుస్తకం అందించాను. పడుకునే చూడాలన్నాడు. బరువు ఆపలేకపోతుంటే ఒక పక్క నేను పట్టుకున్నాను.

"ఈ ప్రభువులెవరూ దీన్ని గమనించలేదా?"

"పుస్తకంలో లేదు."

"ఒక్కరు కూడా?"

"వాళ్ళ కుక్కల పేర్లున్నాయి. ఇది లేదు."

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. "అయితే తమ ఇంటిని వాళ్ళు చూసుకున్నదానికంటే నా ఇంటిని నేనే బాగా చూశాను." మేస్త్రి వైపు తిరిగి, "మాఫీ ముష్కిల్," ఏం ఫరవాలేదన్నాడు. మిగతా గదులన్నిటిలోనూ ఇలాంటిది ఒక్కొక్కటి దాచాలట. ఎక్కడుందో చెప్పకూడదట. తనే వెతుక్కుంటాడట.

నేను తెలుగులో చెప్పగానే మేస్త్రి లేచి కూర్చున్నాడు. "అన్ని గదులల్లనా?" అని అడిగాడు. అవునన్నాను. పుస్తకం తీసుకుని మళ్ళీ తువ్వాలులో చుట్టాడు. తర్వాత మా ఆవిడను, "అమ్మా, పులిహోర ఉన్నదా?" అని అడిగాడు. నలుగురం ఆ పైకప్పు కిందే తిన్నాం. పెద్దాయన కరివేపాకు కూడా వదల్లేదు.

నెల తిరిగాక మా శుక్రవారం చర్చకు దిష్టి అనే విషయం పెట్టాను. మొదట మాట్లాడతానని మేస్త్రి లేచాడు.

"ముందు ఒక మాట. ఇగ నేను హెల్పర్‌ను కాదు."

ఆ ఒక్కరోజు మా ఆవిడ కంటే ముందు గ్లాసు నేనే అందుకున్నాను. చెంచాతో గట్టిగా కొట్టాను. "ఆధారం ఏది?"

ఆయన చొక్కా జేబులోంచి కొత్త కార్డు తీసి లార్డుగారి పుస్తకం మీద పెట్టాడు. ఆ కార్డు చేతులు మారుతూ, పకోడీల నూనె అంటించుకుంటూ గదంతా తిరిగింది. దిష్టి మీద చర్చ ఆరోజు మొదలే కాలేదు.