కంచెకు పట్టని పెట్టె

ససేమిరా పెద్దయ్య కన్నుమూశాడన్న కబురు అందగానే చర్చి సెక్రటరీ ఒక పని చక్కబెట్టేశాడు. సమాధుల తోటలో ముందు వరసన, పాత పాస్టరుగారి పక్కనే గుంత తవ్వించాడు. ఊరందరికీ తెలిశాక గానీ ఆ సంగతి పెద్దయ్య భార్య చెవిన పడలేదు.

“ముందు వరసా?” అంది ఆమె, భర్త చొక్కాకి గుండీలు పెడుతూ. “ఆయన వెళ్ళాల్సింది కంచె వెనక్కి. ఆ గుంత పూడ్పించమనండి.”

పెద్దయ్య వడ్రంగి. పెళ్ళిమంచమూ ఆయనే చేసేవాడు, శవపెట్టే ఆయనే చేసేవాడు. “పెట్టె బాగాలేదని ఇంతవరకూ ఒక్కడూ తిరిగొచ్చి చెప్పలేదు” అని నవ్వించేవాడు. సంఘ పెద్దగా ఎన్నుకున్నాక కమిటీలో నచ్చని మాటకల్లా ససేమిరా అనేవాడు. అదే ఆయన పేరైంది.

తోటకు అడ్డంగా నిలువెత్తు ఇనుప కంచె, దాని పైన మొనలు. సెక్రటరీ తండ్రి వేయించింది. కంచెకు ఇవతల షాపులూ ఉద్యోగాలూ ఉన్న కుటుంబాలు. అవతల కాలవల్లో మురుగు ఎత్తేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు. ఆదివారం అందరూ ఒకే పాట పాడతారు. మట్టిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం దారులు వేరు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి లేకపోవడమే దాని బలం.

ఒకసారి డ్రైనేజీ గుంతలో దిగి ఊపిరాడక ఒక యువకుడు చనిపోయాడు. కంచెలో ఉన్న సందు గేటు ఒక్క మనిషి పట్టేంతే. పెట్టెను భుజాల మీంచి దించి, ఇరుకు గుమ్మంలో బీరువా తోసినట్టు పక్కకి తిప్పి తోశారు. లోపల శరీరం దొర్లి పలకకు కొట్టుకున్న చప్పుడు పెద్దయ్య విన్నాడు. ఆ పలకలు తను చిత్రిక పట్టినవే. ఆ పూట ఆయన ముద్ద మింగలేదు.

ఆనాటి నుంచీ ప్రతి కమిటీలో అదే పాట. “కంచె తీసేద్దాం.”

“చూద్దాం పెద్దయ్యా. అందరూ ఒప్పుకోవాలి కదా” అనేవాడు సెక్రటరీ.

“అందరూ అంటే ఎవరు? కంచె వెనకవాళ్ళని ఏనాడైనా అడిగావా?”

టీలు తాగి లేచిపోయేవాళ్ళు.

గుండెజబ్బు ముదిరాక ఒకరోజు పెద్దయ్య కొట్టంలో పలకలు కోస్తూ భార్యని టేపు పట్టుకోమన్నాడు.

“ఎవరికి ఈ పెట్టె?”

“నాకే.”

“ఇంత వెడల్పా! మీరు చూస్తే చీపురుపుల్లలా ఉన్నారు.”

“లోతు కూడా అంతే పెట్టాను. ఎటు తిప్పినా ఆ గేటులో పట్టకూడదు. నన్ను వెనక్కే తీసుకెళ్ళాలి. కంచె ఊడదీయక తప్పదు.”

“ఈ గోలంతా నా నెత్తిన పెట్టి మీరు హాయిగా పడుకుంటారన్నమాట.”

“అందుకేగా పడక ఇంత వెడల్పు!”

అప్పుడు నవ్వింది గానీ, ఇప్పుడు సెక్రటరీ ఎదుట తనే నిలబడాల్సి వచ్చింది. కమిటీ గది గడప ఏనాడూ తొక్కిన మనిషి కాదు.

“వదినగారూ, పెద్దమనిషిని అవతల పెడితే నలుగురూ నవ్వరూ?”

“బతికుండగా నవ్వారుగా మరిదీ. ఇంకో పూట నవ్వనివ్వండి.”

ఆరాధన అయ్యాక మోసేవాళ్ళు అలవాటుగా ముందు వరస వైపు తిరిగారు. ఆమె ఆ గుంతను దాటి తిన్నగా కంచె దగ్గరికి నడిచింది. వాళ్ళకీ వెంట నడవక తప్పలేదు. అవతల, చనిపోయిన యువకుడి తల్లీ ఆమె మనుషులూ అప్పటికే గొయ్యి తవ్వి ఉంచారు.

పెట్టె గేటు దగ్గర ఆగిపోయింది.

“చూశారా? దేవుడి చిత్తం కూడా ముందు వరసే” అన్నాడు సెక్రటరీ.

“కాస్త ఒరిగించి చూద్దామా అమ్మా?” అన్నాడు మోసేవాళ్ళలో ఒకడు.

“ఒరిగించొద్దు. దించనూ వద్దు. మరిదీ, కంచె విప్పించండి.”

“అలా ఎలా? కమిటీ కూర్చోవాలి.”

“కూర్చోండి. మేం నిలబడే ఉంటాం.”

ఎండ మాడ్చేస్తోంది. మోసేవాళ్ళ భుజాలు కుంగాయి. అవతలినుంచి డ్రైనేజీ పనివాళ్ళు ఒక్కొక్కరే గేటు దాటి వచ్చి పెట్టె కింద భుజం పెట్టారు. అంతసేపూ తల దించుకుని నిలబడ్డ పాస్టరుగారు కోటు విప్పి పక్కన పెట్టి, తనూ వెళ్ళి భుజం ఆనించాడు. అది చూశాక సెక్రటరీ ఎవరి వైపూ చూడకుండా, “పానా తెప్పించండి” అన్నాడు.

బోల్టులు ఒక్కొక్కటీ ఊడొచ్చాయి. కంచె పలక నేలకి ఒరిగింది. పెద్దయ్య అందరి భుజాల మీద, ఒరగకుండా, అవతలికి వెళ్ళాడు.

“పని అయ్యాక మళ్ళీ బిగించేద్దాం” అని సెక్రటరీ పానా పట్టుకున్నవాడి చెవిలో అనడం ఆమెకు వినబడింది.

ఆమె వెనక్కి వచ్చి వంగింది. గడ్డిలో వెతికి వెతికి బోల్టులన్నీ కొంగులో ఏరుకుంది. గొయ్యి అంచున నిలబడి కొంగు దులిపింది. పెట్టె మూత మీద అవి టపటపా రాలాయి.

“ఇక మట్టి వెయ్యండి” అంది.