మూడో అంతస్తులో నలభై రెండు రోజులు

మా ఎదురింటి అక్క పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయింది. గుండె ఆగిందన్నారు. మా మెట్ల మలుపుల్లో స్ట్రెచర్ తిరగదు. అందుకని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి, మూడో అంతస్తు నుంచి దించారు. యాభై నాలుగు మెట్లు. వాటిని ఆమె చివరిసారి ఎక్కి సరిగ్గా నలభై రెండు రోజులైంది. అన్ని రోజులు ఆమె పైనే ఉండిపోవడంలో నా పాత్ర ఉంది.

చింతాద్రిపేటలో లిఫ్టు లేని ఈ మేడలో ఇరవై ఆరేళ్ళు మా తలుపులు ఎదురెదురుగా ఉన్నాయి. ఆమె జాకెట్లు కుట్టేది. కొలత టేపు మెడలో వేసుకునే వంట చేసేది, వడ్డించేది. కొలత తీస్తుంటే నేను పొట్ట లోపలికి లాక్కుంటే ఊరుకునేది కాదు. "ఊపిరి బిగబట్టొద్దే. రేపు ఈ జాకెట్టేసుకోని ఊపిరి తీసుకోవద్దా?" అనేది.

మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయి. డాక్టరు స్టెరాయిడ్ సూది వేశాడు. మూడో రోజుకే నొప్పి పోయింది. ఆదివారం తానే చేపల మార్కెట్‌కు పోయి వచ్చి, నా గుమ్మం ముందు సంచి ఎత్తి చూపించింది. నేను చేప ముట్టను. ఆ సంగతి ఆమెకు గుర్తుండేది కాదు, లేదా గుర్తుండే చూపించేది.

ఏదైనా రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. మొదటి సూదికి ఎనభై ఎనిమిది రోజులు నొప్పి లేదు. రెండో దానికి యాభై ఏడు. మూడో దానికి ఇరవై తొమ్మిది. వేసిన ప్రతిసారీ వారం రోజులు షుగరు పెరిగేది. మూడు నెలలు దాటకుండా మళ్ళీ వేయనని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. మాటిమాటికీ వేస్తే కీలు ఇంకా అరుగుతుందన్నాడు. ఇంకో దారి ఉందన్నాడు: ఆమె రక్తమే తీసి, మిషన్లో తిప్పి, అందులో పనికొచ్చే భాగాన్ని మోకాలికి ఎక్కించడం. ముందు నొప్పి పెరుగుతుంది, గుణం తెలియడానికి ఆరు వారాలైనా పడుతుంది, కొందరికి అసలు పని చేయదు అని కూడా దాచకుండా చెప్పాడు.

"నాకు పాత సూదే చాలు," అంది అక్క.

నేను నోటుపుస్తకం ముందు పెట్టాను. "ఎనభై ఎనిమిది, యాభై ఏడు, ఇరవై తొమ్మిది. తర్వాత ఎంతో నువ్వే చెప్పు."

"సరి, టీచరమ్మా," అంది. నేను ఎన్నడూ టీచరును కాను.

రక్తం సూది వేసుకొచ్చి, కొడుకు భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. వాపు తగ్గించే మాత్రలు మానాలి. జ్వరం మాత్ర వేసుకోవచ్చని డాక్టరు అన్నా, నేను అది కూడా లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. ఆరు వారాలు నిండేదాకా మెట్లు దిగొద్దన్నాను. కొడుకూ కోడలూ పనికి పోతే ఆమెకు మంచం, కుర్చీ, బాల్కనీ. అంతే.

ఆదివారాలు చేపలమ్మే ఆమె మా వీధికి వచ్చేది. అక్క తాడు కట్టిన బుట్ట దించి, పైనుంచి అరిచేది. "మొప్ప ఎత్తి చూపించు. చూడకుండా కొనేదానికి నేనేమన్నా కొత్త కోడలినా?" చేపలామె వంజరం చేప మొప్ప ఎత్తి పైకి పట్టుకునేది. తాజా చేప మొప్పలో ఉండే ఎరుపు అంత దూరం కనపడదు. అయినా అక్క కళ్ళు చికిలించి చూసి, "ఆఁ, పెట్టు," అనేది.

నాలుగో వారంలో ఒకరోజు నా పుస్తకం అడిగి తీసుకుంది. చాలాసేపు తిరగేసింది.

"ఆ ఇరవై తొమ్మిది రోజులు నేను యాడాడికి పోయినానో రాసినావా?"

"దానికి గడి లేదక్కా."

"అట్నా," అని పుస్తకం మూసి ఇచ్చింది.

ఆఖరి సోమవారం సాయంత్రం ఆమె కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచింది. ఇద్దరం చూశాం. సూది పని చేసిందో, ఆ పూట అలా కుదిరిందో నాకు తెలియదు. ఇక తెలిసే వీలూ లేదు. "పది మెట్లు దిగి చూస్తానే," అంది.

"రేపటికి ఆరు వారాలు నిండుతాయి. రేపు దిగుదువు," అన్నాను.

ఆమె మళ్ళీ కూర్చుంది.

మూడో రోజు కర్మకు వచ్చిన ఆమె చెల్లెలిని అడిగి, ఆ పుస్తకంలో కొత్త గడి గీశాను. ఇరవై తొమ్మిది రోజులు: నాలుగు ఆదివారాలు చేపల మార్కెట్. రెండుసార్లు మాధవరంలో చెల్లెలి ఇల్లు, బస్సులో, ఒంటరిగా. ఒకసారి ఏ పనీ లేకుండా కూవం నది వంతెన దాకా. ఆ మురుగు కంపులో ఏం చూశావని చెల్లెలు అడిగితే, "చుమ్మా, ఊరికే నిలబడినా. నిలబడగలిగినా గదా," అందట.

నిన్న ఆదివారం చేపలామె వచ్చింది. ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. "అక్కా, వంజరం," అని కేకేసి, అలవాటుగా మొప్ప ఎత్తి ఎదురింటి బాల్కనీ వైపు పట్టుకుంది. అది పైనుంచి అరిచి చెప్పే మాట కాదు. మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఒక్కో మలుపు కిటికీలోంచి చూస్తే, ఆ చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.