అంబాసిడర్ చాంబర్‌కు నాలుగు దారం ముడులు

2016 ఎండకాలం. చిట్యాల హైవే పక్కన నా రేకుల షెడ్డు. అప్పటిదాంక నేను విప్పినవన్ని లారీలు, ట్రాక్టర్లే. ఒకనాడు పొద్దుగాల యాభై ఏండ్ల కిందటి అంబాసిడర్ ఒకటి లోపలికొచ్చింది. అబ్బ, దాన్ని చూసుకుంట చేతిల చాయ్ తాగుడే మర్చిపోయిన!

దిగినాయన నర్సయ్య, నేత పనాయన. వాళ్ల నాయిన కాలంల ఆ కారుల చీరెలు మోసిండ్రట. తలుపు తీస్తె సీట్లకు ఎరుపు, నలుపు ఇకత్ బట్ట. ఆయన మగ్గం మీద నేసిందే.

“తమ్మీ, ఆదివారం హైదరాబాదుల పాత కార్ల ప్రదర్శన ఉన్నది. నా బట్ట పదిమంది కండ్లవడాలె. గిరాకి రాకుంటె రెండు మగ్గాలు ఇప్పేసి వాచ్‌మన్ పనికి పోవుడే. గని నూనె కారే బండిని లోపలికి రానియ్యరట,” అన్నడు.

కిందికి వంగి చూసిన. ఇంజిన్ అడుగున నూనె నిలిచే రేకు తొట్టి ఆయిల్ ప్యాన్, మేం చాంబర్ అంటం. దానికి, ఇంజిన్‌కు నడుమ ఉండే కార్క్ పట్టి గ్యాస్కెట్, మా నోట్ల ప్యాకింగ్. అది ఎండి పెళుసెక్కింది.

“గింతేనా! ఫికర్ చెయ్యకు అన్నా, శుక్రారం తీస్కపో,” అన్న. అప్పుడు నోరు జర అదుపుల పెట్టుకోవాల్సి ఉండె.

నూనె దించి బోల్టులన్ని తీసినా చాంబర్ అంటుకపోయి రాలే. కట్టె అడ్డం పెట్టి చుట్టూ సుత్తితోని తట్టంగ తట్టంగ ఊడింది. నా సంబురం చూడాలె! హైదరాబాదు నుంచి తెప్పిచ్చిన ఒకే ఒక్క ప్యాకింగ్ పెట్టి, లారీకి బిగించినట్టు బలమంత పెట్టి బిగించిన. స్టార్ట్ చేస్తె టప్పు టప్పుమని చుక్కలు. ఇంకింత బిగించిన. ఇంకింత కారింది. విప్పి చూస్తె ప్యాకింగ్ పక్కకు జారి పగిలి ఉన్నది. అప్పటికే శుక్రారం మధ్యాహ్నం, బండి తీస్కపోను నర్సన్న రానే వచ్చిండు.

“తప్పు నాదే అన్నా,” అన్న, తల ఎత్తలేక.

నర్సన్న తిట్టలే. చాంబర్ అంచు మీద వేలు తిప్పిండు. బోల్టు రంధ్రాల కాడ రేకు ఉబ్బి ఉన్నది. “గింత గనం గుంజినవేంది? మగ్గం మీద పడుగు దారాలు ఒక్క దిక్కే గుంజితె బట్ట వంకర పోతది తమ్మీ. అన్ని దిక్కుల సమానంగ ఉండాలె,” అన్నడు.

నా తలకాయల లైటు వెలిగింది. ఉబ్బిన అంచును కట్టె మీద పెట్టి సాపు చేసిన. షెడ్డుల ఉన్న కార్క్ షీటు మీద చాంబర్ బోర్లిచ్చి గీత గీస్తె, నర్సన్న కత్తెరతోని ఎంట్రుకవాసి తేడా లేకుండ కోసిండు. పైకి ఎత్తంగ మళ్ల జారుతదని నేను భయపడుతుంటె, జేబులకెల్లి దారం తీసి నాలుగు రంధ్రాల కాడ ప్యాకింగ్‌ను చాంబర్‌కు ముడేసిండు. రంగులద్దేటందుకు నూలుకు వేల ముడులేసిన చేతులాయె! మిగిలిన బోల్టులు ఎక్కిచ్చినంక దారాలు తెంపి ఆ నాలుగు పెట్టిన. ఈ దిక్కు ఒకటి, ఎదురు దిక్కు ఒకటి, కొంచెం కొంచెం. పక్కన కూసోని ఆయన “చాలు, చాలు” అంటనే ఉన్నడు.

నూనె పోసి స్టార్ట్ చేసిన. నర్సన్న కారు కింద తెల్లబట్ట పరిచిండు. అర్ధగంట ఇద్దరం బోర్ల పండుకోని దాన్నే చూసినం. ఒక్క చుక్క లేదు! లేచి ఇద్దరం అలయ్ బలయ్ చేసుకున్నం, నా చేతుల మసి ఆయన అంగీకంత అంటింది.

ఆదివారం ఫోన్ చేసిండు. వెనుక అంత జనం లొల్లి. “తమ్మీ, బండిని ఎవ్వలు చూస్తలేరు! సీట్ల మీద చేతులు పెట్టి ఇది నేసినోడెవడని అడుగుతున్నరు!” అని ఒర్రిండు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

బిగించుడు బలమున్న ఎవనికైన వస్తది. యాడ ఆగాల్నో తెలిసినోడే మెకానిక్. అది నాకు ఒక నేత కార్మికుడు నేర్పిండు. ఆయన మగ్గాలు రెండు ఇయ్యాల్టికి నడుస్తున్నయి. నా షెడ్డుల పానల పక్క గోడకు కొట్టిన మొలకు నర్సన్న దారం ఉండ ఒకటి ఏలాడుతున్నది.