ఇటిక్యాలలో కనబడని హంసలు

"ఈడ సూపిస్తే ఏం లాభం అన్నా? ఈడ మంచిగనే నడుస్తది. ఇటిక్యాలల నడుస్తలేదు."

తేజస్విని లాప్‌టాప్‌ను గిరిధర్ వైపు తిప్పింది. తెరమీద గళ్ల కాగితం, దానిమీద హంస బుటా. ముందుగదిలో ఆమె తండ్రి బాలయ్య గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని గద్వాల చీర నేస్తున్నాడు. గిరిధర్‌ది వనపర్తిలో ఫోన్ల రిపేరు దుకాణం. ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకుంటున్నాడు కాబట్టి తీరిక దొరికితే ఇటు వచ్చి ఆమె చెప్పేది వింటాడు.

డిగ్రీ అయ్యాక ఇంట్లోనే కూర్చుని, బుటాలు గీసే ఈ ప్రోగ్రామును ఆమె తయారుచేసింది. తన లాప్‌టాప్ నడిచేది లినక్స్ మీద, ఇటిక్యాలలో మేనత్త పార్వతమ్మ కంప్యూటర్ విండోస్ మీద. ఒకే ఆదేశాలతో రెండింటికీ ప్రోగ్రామును తయారుచేసిపెడుతుందని సీమేక్ అనే సాధనం పట్టుకుంది. అత్త మగ్గానికి పడుగు ఎక్కించి ఉంది. కొంగుకు ఏ బుటా అన్నది తేలడమే ఆలస్యం. తేజస్విని పంపిన ప్రోగ్రామును నిన్న తెరిచి చూస్తే ఒక్క బుటా లేదట. "తెల్లబట్ట లెక్క ఉందే పిల్లా" అని ఫోన్ చేసింది. రేపటికి కాకుంటే పాత బుటాతోనే మొదలుపెడతానంది, ఇక ఈ ప్రోగ్రాము జోలికే రానంది.

మరి ఇక్కడెట్లా నడుస్తోందని గిరిధర్ అడిగాడు. తేజస్విని బుటాలున్న తన ఫోల్డర్ పేరు మార్చి, ప్రోగ్రామును మళ్లీ తెరిచింది. ఇక్కడా తెల్ల తెరే.

బాలయ్య మగ్గం ఆపాడు. "ఏంది బిడ్డా, నీ హంసలు ఎగిరిపాయెనా?"

"ఎగరలే నాయినా. ఏడున్నయో దీనికి తెలుస్తలేదు." ఆమెకు నవ్వొచ్చింది. "మన మగ్గం లెక్కనే జేసిన. గుంట ఏడ తవ్వితే ఆడనే నేస్తం గద. ఇది ఈడ తయారై ఇంకోకాడ నడవాలె."

బుటాలున్న చోటు చెప్పాల్సిన వరుసలో తన ఇంటి ఫోల్డర్ చిరునామా మొత్తం రాసేసిందామె. ప్రోగ్రాము ఇటిక్యాల పోయి కూడా తేజస్విని ఫోల్డరే వెతుకుతోంది. ఆ వరుస కొట్టేసి, ప్రోగ్రాము ఎక్కడుంటే అక్కడి నుంచి పక్క ఫోల్డర్‌లో చూసుకొమ్మని రాసింది. సీమేక్‌కు కూడా దేని పక్కన ఏది ఉండాలో మాత్రమే చెప్పి, అసలు జాగాను పెట్టుకునేవాళ్లకే వదిలేసింది. గిరిధర్ విండోస్ లాప్‌టాప్‌లో మళ్లీ తయారుచేసి, ఒక చోట పెట్టి చూశారు. అక్కడినుంచి తీసి ఇంకోచోట పెట్టారు. హంసలు ఎటూ పోలేదు.

అయితే ఇటిక్యాల పోయి, పార్వతమ్మ కంప్యూటర్‌లో అందరికీ పనికొచ్చే ఉమ్మడి జాగాలోనే పెట్టేస్తానన్నాడు గిరిధర్, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంటూ.

"జర ఆగన్నా. ఆ జాగకు పాస్‌వర్డ్ అడుగుతది, అది అత్త కొడుకు, మా బావ విజయ్ తాన ఉంది. ఆ కంప్యూటర్ అత్తొక్కతే వాడుతదో, ఆమె బిడ్డ, మా వదినె గూడ తన పేరుతోని తెరుస్తదో ముందుగాల అడుగు. ఇద్దరు వాడితే బావను పిలిచి అందరి జాగల పెట్టు. లేకుంటే అత్త పేరుతోని ఉన్న జాగల్నే పెట్టు, దానికి పాస్‌వర్డ్ అక్కర లేదు. పెట్టినంక నువ్వు తెరవకు, అత్తతోనే తెరిపియ్యి. హంస కనవడ్డదని ఆమె నోటితోని చెప్పినంకనే ఆడికెల్లి కదులు."