నాజిళ్లు బాగయిన నెల

మా బాపు ఇంకొకరి బండిలో దవాఖానకు పోయే మనిషి కాదు. హుజూర్‌నగర్ నుంచి మేళ్లచెరువు దాకా ఏ ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా కిరాయికి పిలిచేది ఆయన పాత డీజిల్ కారునే. ఏండ్ల తరబడి అందర్నీ మోసి మోసి, తనను ఇంకొకరు మోయడమంటే ఆయనకు నామోషీ అయిపోయింది. తన బండి లేకపోతే పెళ్లిళ్లకు కూడా కదిలేవాడు కాదు. మొండివాడు రాజు కంటే బలవంతుడని అమ్మ ఎత్తిపొడిస్తే, ఆ రాజుకు కారెక్కడిది అని నవ్వేవాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు నేను చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనికి చేరాను. ఆ ఎండాకాలమే కారు మిస్ కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున సెల్ఫ్ కొడితే దగ్గి దగ్గి లేచేది. వెనక నల్లటి పొగ. చిన్న ఎత్తు ఎక్కడానికి కూడా ఆయాసపడేది. దాన్ని ఇంటి ముందర రేకుల కింద పెట్టేశాడు. ఆ రోజుల్లోనే బాపు కుడికాలి బొటనవేలికి చెప్పు కరిచింది. షుగర్ ఉన్న మనిషి. పుండు మానడం లేదు, హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోదామని అమ్మ మొత్తుకుంది. నేను వేరే కారు మాట్లాడతానన్నాను.

"నా బండి ఉండంగ ఇంకోని బండెందుకు? నాజిళ్లు పోయినయ్ అంతే. బాగు చేసుకొని పోదాం" అన్నాడు.

నాకు దొరికేది ఆదివారం ఒక్కటే. కాలు కింద మోపనని అమ్మకు మాటిచ్చాడు కాబట్టి ఆయన ప్లాస్టిక్ కుర్చీలో, నేను బానెట్ కింద. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, పానా పట్టడం కూడా. అయినా గరిటె పట్టినట్టు పడుతున్నానని వెక్కిరించాడు.

ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మేవి నాజిళ్లు, మొత్తం నాలుగు. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో నాజిల్‌కు డీజిల్ తెచ్చే సన్న ఇనుప పైపు నట్టును కాస్త వదులు చేయాలి. అప్పుడు ఆ నాజిల్‌కు డీజిల్ అందదు. దానితో ఇంజన్ కుంటుపడితే ఆ నాజిల్ మంచిదే. ఏ తేడా రాకపోతే రోగం అందులోనే. మొదటిది వదిలాను, ఇంజన్ కుంగింది. రెండోది వదిలితే ఏమీ కాలేదు. మూడోదానికి మళ్లీ కుంగింది. నాలుగోది వదిలినా ఏమీ లేదు. బాపు కళ్లు మూసుకుని వింటూ, రెండోది, నాలుగోది ఊడదీయమన్నాడు.

"చెయ్యి అడ్డం పెట్టకు బిడ్డా. ఆ ధార తోలు లోపలికి దూరిందంటే చెయ్యే తీసేస్తరు."

నిజం చెప్పాలంటే ఆ ఆదివారం నేను చాలా సంతోషంగా ఉన్నాను. చిన్నప్పటి తర్వాత ఆయన పక్కన అంతసేపు గడపలేదు.

నాజిళ్లను పాత గుడ్డలో చుట్టుకొని మిర్యాలగూడ నాజిల్ షాపుకు తీసుకుపోయాను. షాపాయన వాటిని పరీక్ష మిషన్‌కు బిగించి చేతిపంపు కొట్టాడు. మంచి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలట. మావి పసిపిల్లలు చొంగ కార్చినట్టు కార్చాయి. కొనలు అరిగిపోయాయి, ఈ మోడల్ సామాన్లు ఇప్పుడు రావడం లేదు, హైదరాబాద్‌లో వెతికించాలి, వచ్చే వారం రమ్మన్నాడు. వచ్చే వారం తెచ్చి, కింద కొత్త రాగి వాషర్లు వేసి బిగించాను. పైపుల్లో గాలి తీసి సెల్ఫ్ కొడితే బండి పలికింది. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రానికి మళ్లీ మిస్.

ఈసారి ట్యాంకి విప్పించాడు. నిలబెట్టిన బండి కదా, అడుగున నీళ్లు, తుప్పు. ఆ చెత్తంతా పోయి కొత్త కొనలను కూడా తినేసింది. ట్యాంకి కడిగి, ఫిల్టర్ మార్చి, నాజిళ్లు మళ్లీ మిర్యాలగూడకు పట్టుకుపోయే సరికి ఇంకో వారం, దాని మీద ఇంకో వారం. కాలు ఎట్లుందని అడిగినప్పుడల్లా తగ్గుతోందనేవాడు. మొదట్లో అమ్మ కట్టు కట్టేది, తర్వాత తానే కట్టుకుంటానని ఆమెను దగ్గరికి రానియ్యలేదు. ఈగలు వాలుతున్నాయని సాక్సు తొడిగాడు. నా చేతులూ జుట్టూ డీజిల్ వాసనే. ఇంకో వాసన నా ముక్కుకు ఎక్కే దారే లేదు.

చివరికి బండి బాగయింది. సైలెన్సర్ దగ్గర తెల్లటి తువ్వాలు పట్టమన్నాడు. మరక పడలేదు. తెల్లారి తెల్లచొక్కా వేసుకుని, నాకు డ్రైవింగ్ నేర్పిన రోజుల్లో తప్ప తన బండిలో ఎన్నడూ కూర్చోని ఎడమ సీట్లో కూర్చున్నాడు. అమ్మ వెనక. సిమెంటు లారీల దుమ్ముకు అద్దాలు ఎక్కించాను. అప్పుడు తెలిసింది ఆ వాసన.

బండి పక్కకు ఆపి సాక్సు లాగేశాను. వేలు బొగ్గులా ఉంది. ఆ నలుపు పాదం మీదికి పాకింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎన్నాళ్ల నుంచి ఇట్లుందని అరిచాను.

"నువ్వు నడుపు బిడ్డా. ఇంజన్ ఎంత మెత్తగ పోతాందో చూడు" అన్నాడు.

దారంతా ఆయన ఆ ఇంజన్‌నే విన్నాడు. చౌటుప్పల్ దగ్గర మా కంపెనీ గేటు చూపించమన్నాడు. నేను ఏడుస్తూ నడుపుతుంటే ఆయన సంతోషంగా ఉన్నాడు. అది నేను ఇంతవరకు తట్టుకోలేకపోతున్నాను.

డాక్టరమ్మ వయసులో చిన్నది. నెల ముందు వస్తే వేలుతో పోయేదని, ఇప్పుడు కాలు మోకాలి పైదాకా తీయాల్సిందేనని చెప్పి, ఇన్ని రోజులు ఎందుకు ఆగారని అడిగింది.

"బండి కరాబుండె, మేడం."

అది సరిపోయే కారణమే అన్నట్టు చెప్పాడు. ఆమెకు అర్థం కాక నా వైపు చూసింది. నేను వరండాలోకి వచ్చి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, అమ్మ వింటుండగానే. ఆయన మీద ప్రేమ ఎంత ఉందో కోపం కూడా అంతే ఉంది, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుందనుకోవడం అబద్ధం.

కాలు తీసి డిశ్చార్జ్ చేసినాక అదే కారులో ఇంటికి తెచ్చాం. ఎడమ సీట్లో బాపు, వెనక చంకకర్రలు పట్టుకుని అమ్మ. బండి ఎక్కడా తిప్పలు పెట్టలేదు. ఇంజన్ గురించి ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. హుజూర్‌నగర్ దాటినాక పక్క చేన్లోంచి గొర్రెల మంద రోడ్డెక్కింది. ముందున్న పిల్ల ఒకటి సరిగ్గా చక్రాల కిందికే ఉరికింది. నేను బ్రేకు మీద కాలు వేసే లోపలే పక్కన లుంగీ గట్టిగా కదిలింది. ఆయన కుడితొడ ముందుకు లేచి, బ్రేకు తొక్కినట్టు కిందికి అదిమింది. కింద ఖాళీ గుడ్డ మాత్రమే ఊగింది.

గొర్రెపిల్ల బతికింది. బాపు తల వంచి ఆ గుడ్డను చూసుకున్నాడు. మంద మొత్తం దాటిపోయింది, కాపరి చెయ్యి ఊపాడు, నేను బండి తీయలేకపోయాను.