బాపమ్మ కూల్చిన గడి

నా చిన్నప్పుడు మా ఊళ్లో దొర గడి, అంటే కోటలాంటి ఆయన మేడ వైపు తలెత్తి చూడాలన్నా జనానికి జంకే. నక్సలైట్ అన్నలకు భయపడి దొర పట్నం వెళ్లిపోయాడు. మేడకు తాళం పడింది. అయినా మా బాపమ్మ, మా నాన్నను కన్నతల్లి, ఆ దారిన గొంతెత్తి మాట్లాడేది కాదు. వయసంతా అందులో వెట్టికి ఊడ్చిన మనిషి.

అలాంటి గడి కూలడంతో ముగిసే సినిమా ఒకటి కోరుట్ల దగ్గర మా ఊళ్లోనే తీశారు. సినిమాలకు వానలు, మంటలు, కూలే మేడలు తయారుచేసే మా కాకదే, అంటే చిన్నాన్నదే, ఆ పని. అసలు గడి జోలికి దొర మనుషులు పోనివ్వలేదు. మందు పేల్చడానికి పోలీసులు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో టపాకాయ పేలినా ఊళ్లోకి జీపు దూసుకొచ్చేది.

మా కాక మొండిఘటం. పల్చటి మట్టి పలకలతో మోకాలెత్తు గడి కట్టాడు. గోడలకు లోపలినుంచి సిరిసిల్ల నూలు దారాలు కట్టి, కొసలన్నీ కలిపి ఒకటిగా పేనాడు. దాన్ని కెమెరాకు దగ్గరగా బల్ల మీద పెడితే, వెనక దూరంగా ఉన్న మా గుడిసెల మధ్య నిజం మేడలా కనిపించింది. నేనైతే నోరు వెళ్లబెట్టాను.

ముందు విడిగా ఒక గోడ కట్టి కూల్చి చూశాడు. టప్పున పడి, దుమ్ము కోసం పోసిన ఇసుక రాలింది. పిల్లలం పకపకా నవ్వాం. కాక మొహం మాడిపోయింది. ఈసారి ఇసుక మానేసి, పిడకల బూడిద పల్చటి బట్టలో జల్లించి గడిలో నింపాడు. కెమెరాలో రీలును మామూలుకన్నా వేగంగా తిప్పమన్నాడు. అలా తీస్తే తెర మీద గోడ మెల్లగా, బరువుగా కూలుతుందట. మిగిలిన రీలు ఒక్కసారికే వస్తుంది. తప్పితే సినిమాకు ముగింపే లేదు.

అప్పుడొచ్చింది బాపమ్మ.

"గా దారం నాకియ్యి కొడుకా. నేను గుంజుత."

అందరూ వద్దన్నారు. కెమెరా వేగం అందుకోకముందే గుంజితే పడ్డ కష్టమంతా వృథా. కాక తల్లి మొహం చూసి, దారం ఆమె చేతిలోనే పెట్టాడు.

"నేను చెప్పేదాంక గుంజకు అవ్వా."

బాపమ్మ దారాన్ని వేళ్లకు చుట్టుకుంది. కెమెరా తిరగడం మొదలైనా ఆగింది. "ఇగ గుంజు!" అని కాక అరవగానే ఒక్క గుంజు గుంజింది.

సినిమా విడుదలయ్యాక కోరుట్ల టాకీసులో తెర మీద ఆ గడి ఆకాశమంత దుమ్ము లేపుతూ, గోడ వెనక గోడగా కూలింది. హాలంతా ఈలలు. బాపమ్మ లేచి నిలబడి, "గుంజింది నేనే! గడిని నేనే కూలగొట్టిన!" అని అందరికీ వినబడేలా అరిచింది. నా సంతోషం అంతా ఇంతా కాదు.

ఇప్పటికీ ఏ పెద్దమనిషి ఎదుట నిలబడాల్సి వచ్చినా, ఇతను నిజంగానే ఇంత ఎత్తా, లేక నేను చూస్తున్న చోటువల్ల అట్లా కనిపిస్తున్నాడా అని ముందు చూసుకుంటాను. చాలాసార్లు రెండోదే.